మా వీధి డ్రైనేజీ ఎన్నో నంబరు?

2025 చివర్లో హైదరాబాద్ చుట్టూ ఉన్న 27 మున్సిపాలిటీలు, కార్పొరేషన్లను జీహెచ్‌ఎంసీలో కలిపేశారు. మాదీ అందులో ఒకటి. పేరు చెప్పను. చెప్పకపోయినా ఈ కథ ఆ 27లో ఏ ఊరికైనా సరిపోతుంది. ఆ రోజుల్లో మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒకటే గోల, ఇంటిపన్ను పెరుగుతుందా లేదా అని. ఆ గోలలో ఒక పెద్దాయన పెట్టిన మెసేజీ ఎవరికీ పట్టలేదు: "మన డ్రైనేజీ లైను ఫైలు ఇప్పుడు ఎవరి టేబుల్ మీద ఉందో ఎవరికైనా తెలుసా అండీ?"

ఎవరికీ తెలియదు. పాత మున్సిపాలిటీలో ఎప్పుడు అడిగినా వచ్చిన జవాబు ఒకటే: "లిస్టులో ఉంది సార్." ఆ లిస్టును చూసినవాళ్లు మా కాలనీలో లేరు. మాకంటే ముందు ఏ వీధి ఉంది, వెనక ఏది ఉంది, మా వంతు వచ్చే ఏడాదా పదేళ్లకా అన్నది అడిగితే నవ్వి ఊరుకునేవారు. ఇంజనీర్లు అబద్ధం చెప్పారని అనను. వాళ్ల బీరువాలో ప్రతిపాదనల కట్ట నిజంగానే ఉంటుంది. అందులో ఏది ముందు, ఏది వెనక అన్నది మాత్రం ఎక్కడా రాసి ఉండదు. ఎవరు గట్టిగా అడిగితే వాళ్ల కాగితం పైకి వస్తుంది, అడిగినవాళ్లు అలిసిపోతే కిందికి పోతుంది.

ఊళ్లు బాగుపడకపోవడానికి మనం చెప్పుకునే కారణాలు రెండే: డబ్బుల్లేవు, తినేస్తున్నారు. రెండూ అబద్ధం కాదు. కానీ రేపు డబ్బు రెట్టింపై, అందరూ నిజాయితీపరులైపోయినా మా వీధి గతి ఇంతేనని నాకు అనిపిస్తుంది. ఎందుకంటే ఉన్న డబ్బుతో ముందు ఏ పని, తరవాత ఏ పని, ఎందుకలా అన్నది రాసి నలుగురి ముందు పెట్టే అలవాటు మనకు లేదు. నేను అడుగుతున్నది ఆ ఒక్క కాగితం.

కొత్త పనికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో చూస్తే తికమక అర్థమవుతుంది. మున్సిపాలిటీ సొంత జనరల్ ఫండ్ ఒకటి, అంటే మనం కట్టే ఇంటిపన్ను, ఇళ్ల పర్మిషన్ ఫీజులు. కేంద్రం వేసే ఆర్థిక సంఘం చెప్పిన గ్రాంటు ఇంకొకటి. రాష్ట్రం ఇచ్చేది, ఎమ్మెల్యే నియోజకవర్గ నిధులు, ఎంపీకి ఏడాదికి 5 కోట్లు. ఒక్కో పద్దుకు ఒక్కో మెలిక. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 వరకు పట్టణాలకిచ్చిన గ్రాంట్లనే చూడండి. పది లక్షలలోపు జనాభా ఉన్న ఊళ్లకు వచ్చిన దాంట్లో 30 శాతం మంచినీళ్లకు, వాననీటి సంరక్షణకు. ఇంకో 30 శాతం పారిశుద్ధ్యానికి, చెత్త నిర్వహణకు. మిగతా 40 శాతమే ఊరి ఇష్టం. ఈ కట్టుబాటు మంచిదే, లేకపోతే అంతా స్వాగత తోరణాలకు పోయేది. కాకపోతే ఈ పద్దులన్నీ ఒకే టేబుల్ మీద పరిచి చూసేవాళ్లు లేరు. సీసీ రోడ్డు ఒక పద్దులోంచి వచ్చేస్తుంది. దాని కింద ముందే పడాల్సిన పైపు ఇంకో గ్రాంటు కోసం కాచుకుని ఉంటుంది. అది వచ్చిన రోజు కొత్త రోడ్డును తవ్వాలి. ప్లంబర్ రాకముందే టైల్స్ వేయించే మేస్త్రీకి మన ఇల్లు ఎవరమైనా అప్పగిస్తామా?

మా పక్క వీధిలో జరిగింది చెప్తాను. పాత సీసీ రోడ్డును తీయకుండా దాని మీదే కొత్తది పోశారు. వీధి జానెడు పైకి లేచింది, పాత ఇళ్ల గడపలు రోడ్డు కంటే కిందికి పోయాయి. అంతకుముందు రోడ్డు మీద నిలిచే వాననీళ్లు ఇప్పుడు నేరుగా వరండాలోకి వస్తున్నాయి. ఒకాయన గేటు ముందు ఇటుకలతో చిన్న కట్ట కట్టించుకున్నాడు. ఆ కట్ట మీద నుంచి స్కూటీ బయటికి తీయడానికి వాళ్లావిడ రోజూ పొద్దున్నే పడే అవస్థ చూడాలి. పైగా కాంక్రీటు పోసేటప్పుడు మ్యాన్‌హోల్ మూతల సంగతి ఎవరూ చూడలేదు, రెండు మూతలు రోడ్డు కింద సమాధి అయిపోయాయి. లైను జామ్ అయిన రోజు మూత ఎక్కడుందో తెలియక, గడ్డపారతో రోడ్డును అక్కడా ఇక్కడా పొడుస్తూ, చప్పుడు మారిన చోట గుర్తుపెట్టి పగలగొట్టారు. పెచ్చులు లేచిన ఆ గుంత చుట్టూ చెట్టు కొమ్మ పాతి వెళ్లిపోయారు.

ఆ రోజు అక్కడికి వచ్చినవాళ్లలో నీళ్లు వదిలే లైన్‌మన్ కూడా ఉన్నాడు. పాత మనిషి. ఊరు పంచాయతీగా ఉన్నప్పటి నుంచి ఆయనే వాల్వులు తిప్పుతున్నాడు. ఊళ్లో పైపులకు మ్యాపు ఉందా అని అడిగితే తన తల మీద వేలు పెట్టి చూపించాడు. "ఏ లైను ఏడికెంచి ఏడికి పోతదో అంతా ఈడ్నే ఉంది సార్. నేను రిటైరైతే ఇగ తవ్వి చూస్కోవుడే." ఆయన సరదాకే అన్నాడు, నాకు మాత్రం టెన్షన్ పట్టుకుంది. ఊరి ఆస్తుల రిజిస్టరు అంతా ఒక మనిషి తలలో ఉంటే, ఏది పాతబడింది, ఏది ఈ ఏడాది మార్చాలి, ఏది ఇంకో ఐదేళ్లు ఆగగలదు అని కాగితం మీద ఎలా తేలుతుంది? భూమి మీద ఉన్నవి కంటికి కనిపిస్తాయి కాబట్టి వాటికే అంచనాలు తయారవుతాయి. కింద ఉన్నవి పగిలినప్పుడే గుర్తొస్తాయి.

ఇదేదో మన నేలకు తెలియని విద్యేం కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి, ఒక లెక్క ప్రకారం 15 వేలమంది చనిపోయారు. మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. మునిగిన వీధులు చూసి గోడలు లేపమని చెప్పి వెళ్లిపోతే ఆయన్ని ఇప్పుడు తలుచుకునేవాళ్లం కాదు. నీళ్లు ఎక్కడి నుంచి దిగుతున్నాయో చూసి, నగరానికి ఎగువన మూసీ మీద, దాని ఉపనది ఈసీ మీద జలాశయాలు కట్టి వరదను అక్కడే పట్టమన్నాడు. నగరానికి మురుగునీటి వ్యవస్థ కావాలన్నదీ ఆయన చెప్పినవాటిలో ఉంది. 1911లో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పోయాడు. కొత్తగా గద్దెనెక్కిన ఉస్మాన్ అలీ ఖాన్ తండ్రి కాలం నాటి ఫైలని అవతల పడేయలేదు. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. ఆ రెండు జలాశయాలూ, మూసీ మీద ఉస్మాన్ సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. రాజుల కాలాన్ని పొగడటం నా ఉద్దేశం కాదు. ఆ బోర్డు బస్తీలు తొలగించినప్పుడు అక్కడివాళ్లకు ఓటు లేదు, నోరు అంతకన్నా లేదు. నేను చూస్తున్నది ఒక్కటే: వరద వచ్చాక 19 ఏళ్ల వరకు ఆ పని జాబితాలోంచి జారిపోలేదు. మనిషి మారాడు, పని మిగిలింది.

మన కాలానికి రండి. 2000 ఆగస్టు 24న హైదరాబాద్‌లో ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన పడింది. 2003లో కిర్లోస్కర్ కన్సల్టెంట్స్ అనే సంస్థవాళ్లు నాలాల మీద, అంటే వాననీళ్లు పోయే పెద్ద కాల్వల మీద, నివేదిక ఇచ్చారు. 2007 ఏప్రిల్‌లో చుట్టూ ఉన్న 12 మున్సిపాలిటీలు, 8 పంచాయతీలను కలుపుకుని జీహెచ్‌ఎంసీ పుట్టింది. నగరం ఒక్కసారిగా 600 చదరపు కిలోమీటర్లు దాటింది, నివేదిక మాత్రం పాత హద్దుల దగ్గరే ఉండిపోయింది. 2020 సెప్టెంబరు 25న దుర్గం చెరువు తీగల వంతెన ప్రారంభమైంది, 184 కోట్ల పని. ఆ తరవాత మూడు వారాలు తిరగకముందే, అక్టోబరు 13 రాత్రి, శివార్లలో కొన్నిచోట్ల 30 సెంటీమీటర్లు దాటిన వాన కురిసింది. కాలనీల్లో పడవలు తిరిగాయి. నాలాలను వెడల్పు చేసి కట్టే ఎస్‌ఎన్‌డీపీ పథకం ఆ దెబ్బ తరవాత 2021లో వచ్చింది. వంతెన అనవసరమని నేను అనను. నేనూ పిల్లల్ని తీసుకెళ్లి రంగుల లైట్లు చూపించి, సెల్ఫీ దిగి వచ్చినవాణ్నే, ఆ దారిలో వెళ్లేవాళ్లకు చాలా దూరం తగ్గింది కూడా. కానీ నాలా ముందా వంతెన ముందా అని ఆ రెండూ ఒకే కాగితం మీద పక్కపక్కన నిలబడ్డ సందర్భం మనలాంటివాళ్లకు కనిపించలేదు. రెండూ వేర్వేరు పథకాలు, వేర్వేరు ఫైళ్లు. పోటీ పెట్టకపోతే ఏది గెలవాలో ఎవరూ ఆలోచించనక్కర్లేదు.

మా మేనకోడలు అమెరికాలో ఓ చిన్న ఊళ్లో ఉంటుంది. ఊరంటే ఊరే, మన వార్డంత జనాభా. నా గొడవంతా ఫోన్‌లో విని, వాళ్ల ఊరి క్యాపిటల్ ఇంప్రూవ్‌మెంట్ ప్లాన్ లింకు పంపింది. అక్కడ చిన్న పట్టణాలకు ఇది మామూలు సంగతి. రాబోయే ఐదారేళ్లలో చేయాలనుకున్న పెద్ద పనులన్నీ ఒక పుస్తకంలో రాస్తారు. రోడ్లు, పైపులే కాదు, ఫైరింజన్ పాతబడితే ఎప్పుడు మార్చాలన్నదీ అందులోనే. మొదటి ఏడాదివి బడ్జెట్‌లోకి ఎక్కుతాయి, మిగతా ఏళ్లవి ఉద్దేశం మాత్రమే. ఏటా పుస్తకం తిరగరాస్తారు, ఒక ఏడాది ముందుకు జరుగుతుంది. ఒక్కో పనికీ ఖర్చెంత, డబ్బెక్కడిది, ఎందుకు చేయాలి, పూర్తయ్యాక నడపడానికి ఏటా ఎంతవుతుంది అని రాసి ఉంటుంది. అక్కడా పనులు వాయిదా పడతాయి, అక్కడా పలుకుబడి పనిచేస్తుంది. కాకపోతే మూడో ఏడాదిలో ఉన్న పని ఆరో ఏడాదికి పోతే అది కాగితం మీద కనిపిస్తుంది, మీటింగులో ఎవరో ఒకరు లేచి ఎందుకని అడుగుతారు. మనకు అడగడానికే ఆధారం లేదు.

అమెరికా అనగానే "అక్కడి సంగతి వేరు" అంటారు. సరే, పక్కకే చూద్దాం. కేరళలో 1996లో ప్రజా ప్రణాళిక మొదలుపెట్టి, రాష్ట్ర ప్రణాళిక నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థల చేతికిచ్చారు. పుణె నగరపాలక సంస్థ 2006-07 నుంచి బడ్జెట్‌కు ముందు వార్డుల్లో పనులు సూచించమని జనాన్ని అడుగుతోంది. ఇవి మంచివే అంటూనే, పుణె పద్ధతితోనే సరిపెట్టుకుందాం అంటే నేను ఒప్పుకోను. జనాన్ని అడిగితే కంటికి కనిపించేవే చెప్తారు: ఫుట్‌పాత్, బెంచీలు, వీధిలైట్లు. నన్ను అడిగినా అంతే. మూడు కిలోమీటర్ల దిగువన ట్రంక్ లైను, అంటే వీధుల మురుగంతా చేరే పెద్ద పైపు, ఇరుకైపోయిందని, దాన్ని మార్చకపోతే మా వీధి పైపు వేసినా దండగేనని చెప్పే మనిషి వార్డు సభలో ఉండడు. అది ఇంజనీరు చెప్పాల్సిన మాట. చెప్పడానికి ఆయనకొక చోటు ఉండాలి.

ఆ చోటే మార్కుల పద్ధతి: ప్రతి పనికీ మార్కులేసి, ఎక్కువ వచ్చినదాన్ని ముందు పెట్టడం. మూడు పనులు ఊహించుకోండి. కమ్యూనిటీ హాలు మీద ఇంకో అంతస్తు. మెయిన్ రోడ్డు నుంచి గుడి దాకా సీసీ రోడ్డు. చెరువు అలుగు నీళ్లు వచ్చే కాల్వ మీద పాత కల్వర్టు తీసి వెడల్పుది కట్టడం. ఇప్పుడున్న పద్ధతిలో మూడూ శంకుస్థాపనకు పోటీ పడతాయి. హాలుకు శిలాఫలకం బాగుంటుంది, రోడ్డుకు కొబ్బరికాయ బాగా పగులుతుంది, కల్వర్టు దగ్గర నిలబడటానికే వాసన. కొన్ని ప్రశ్నలు అడిగి చూడండి. చేయకపోతే ప్రాణాలకు ముప్పుందా? ఉన్నది పాడవుతోందా, లేక కొత్తగా కావాలనిపిస్తోందా? ఎంతమందికి ఉపయోగం? ఒక ఏడాది ఆగితే ఖర్చు ఎంత పెరుగుతుంది? కట్టాక కరెంటు బిల్లు, కాపలా, రిపేర్లు ఎవరు భరిస్తారు? స్థలం చేతిలో ఉందా, కోర్టులో ఉందా? కల్వర్టు దాదాపు ప్రతిదానిలో ముందుంటుంది. హాలు ఆఖరికి పోతుంది. రోడ్డు మధ్యలో ఎక్కడో.

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే ప్రశ్న ఇంకోటుంది: దీనికంటే ముందు అయిపోవాల్సిన పని ఏదైనా ఉందా? ఇది అడగ్గానే కల్వర్టు కూడా తడబడుతుంది. కాల్వల పని ఎప్పుడూ దిగువ నుంచి ఎగువకు రావాలి. దిగువన నాలా ఇరుకుగా ఉంచి ఎగువన కల్వర్టు వెడల్పు చేస్తే, ఇన్నాళ్లూ మా దగ్గర ఆగిన నీళ్లు రెట్టింపు జోరుతో కింది బస్తీ మీద పడతాయి. మాకు సంబరం, వాళ్లకు వరద. ఇన్నాళ్లూ ఆ దిగువ బస్తీ వేరే మున్సిపాలిటీ కింద ఉండేది, మా వాళ్లకు అది పట్టేది కాదు. కలిపేయడం వల్ల నాకు కనిపిస్తున్న ఒకే ఒక్క లాభం ఇదే. ఇప్పుడు చెరువు నుంచి మూసీ దాకా నీళ్ల దారంతా ఒకే జాబితాలోకి రాగలదు. ఎవరైనా తెస్తే.

మార్కులు వేస్తే రాజకీయం పోతుందని నేను అనుకోవడం లేదు. ప్రాణాలకు ముప్పుకు ఎన్ని మార్కులు, వాడేవాళ్ల సంఖ్యకు ఎన్ని అన్నది రాజకీయ నిర్ణయమే, దాన్ని కౌన్సిలే చేయాలి. ఏడాదికోసారి అందరి ముందూ ఆ తగువు తేల్చుకోమని అడుగుతున్నాను. ఇప్పుడు అదే తగువు ఒక్కో వీధికి ఒక్కో ఫోన్ కాల్‌లో, తలుపులేసుకుని జరుగుతోంది.

ఒక్కచోట మాత్రం జాగ్రత్తగా ఉండాలి. ఫిర్యాదులు ఎక్కడి నుంచి ఎక్కువ వస్తే అక్కడ అవసరం ఎక్కువ అని కొందరు అధికారులు లెక్కగడతారు. యాప్‌లో ఫోటో పెట్టి, ట్యాగ్ చేసి, నాలుగు రోజులకు మళ్లీ గుర్తుచేసేది మాలాంటి కాలనీలవాళ్లం. మాకు తీరిక ఉంది, రిటైరైన పెద్దలున్నారు, ఇంగ్లిషులో లెటర్లు రాసేవాళ్లున్నారు. మోకాలి లోతు నీళ్లలోంచి పిల్లల్ని బడికి పంపే బస్తీ తల్లి యాప్ డౌన్‌లోడ్ చేసుకోదు. పొద్దున ఐదింటికి నాలుగిళ్ల పనికి పోవాలి ఆమె. ఫిర్యాదులకు మార్కులేస్తే మా వీధి ఎప్పుడూ ఫస్టు వస్తుంది, అది అన్యాయం. పన్ను ఎక్కువ కట్టేవాళ్లకు ముందు అనే వాదన కూడా ఇలాంటిదే. పన్ను ఊరికి కడతాం, మన గేటు ముందు రోడ్డుకు కాదు.

అప్పు చేసేటప్పుడు మన నగరాలకు ఈ లెక్కలన్నీ బాగానే వస్తాయి, అదే నాకు ఒళ్లు మండించే విషయం. 2018 ఫిబ్రవరిలో జీహెచ్‌ఎంసీ 8.9 శాతం వడ్డీకి 200 కోట్ల బాండ్లు అమ్మింది, ఫ్లైఓవర్ల పథకం ఎస్‌ఆర్‌డీపీ కోసం. ఆ తరవాత ఇంకో రెండు విడతలు. బాండ్లు అమ్మాలంటే రేటింగ్ ఏజెన్సీ ముందు ఆదాయం, ఖర్చు, బాకీలు, రాబోయే పనులు అన్నీ పరచాలి. పరిచారు, రేటింగ్ తెచ్చుకున్నారు. అప్పిచ్చేవాడి ముందు పరిచిన లెక్కను పన్ను కట్టేవాడికి చూపించడానికి ఏం అడ్డం?

ఇక నిర్వహణ. దీని గురించి ఎక్కువ చెప్పను, చెప్తే కోపం వస్తుంది. మా పార్కులో ఓపెన్ జిమ్ పెట్టారు. ఇప్పుడు ఒక పెడల్ లేదు, ఒక సీటుకు తాడు కట్టి ఉంది, పిల్లలు దాన్నే ఉయ్యాలలా వాడుకుంటున్నారు. పెట్టిన రోజు దాన్ని ఎవరు బాగుచేయాలన్నది ఏ కాగితంలోనూ లేదు. హైదరాబాద్‌లో దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది: సీఆర్‌ఎంపీ అనే రోడ్ల నిర్వహణ పథకం కింద 709 కిలోమీటర్ల ప్రధాన రోడ్లను ఐదేళ్లపాటు చూసుకునే పూచీతో ఏజెన్సీలకు అప్పగించారు. గుంత పడితే కొత్త టెండర్ పిలవక్కర్లేదు, పూచీ ఉన్నవాడే పూడ్చాలి. ఆ ఐదేళ్లూ అన్నిచోట్లా బ్రహ్మాండంగా జరిగిందని అనను. వేసిన రోజే ఐదేళ్ల ఖర్చు లెక్కేయడం అనే ఆలోచన మాత్రం సరైనది. అది మెయిన్ రోడ్ల దాకా వచ్చి ఆగింది, గల్లీలోకి రాలేదు.

నా గోలంతా విన్న ఒక మాజీ కౌన్సిలర్ అన్న మాట ఇక్కడ రాయాలి. "నువ్వు చెప్పేది మంచిగనే ఉంది అన్నా. గానీ ఐదేండ్లల్ల నా వార్డుల ఏం గనవడకపోతే నాకు ఓటెవడేస్తడు? భూమిల పైపేసినా అని చెప్తే చూడనీకి ఎవడొస్తడు?" నాకు ఆయన మీద కోపం రాలేదు. ఆయన చెప్పింది నిజం. మనం కూడా ఓటు వేసేటప్పుడు కనిపించినవాటికే వేస్తాం. అందుకని నేననేది, కొత్త పనుల డబ్బులో ఐదో వంతు తీసి వార్డులన్నిటికీ సమానంగా పంచేయండి. గుడి దారి, బస్టాప్ నీడ, పార్కు లైటు, కార్పొరేటర్ ఇష్టం. కొంత అత్యవసరానికి పక్కన పెట్టండి, గోడ కూలినప్పుడు జాబితా చూసి ఆగక్కర్లేదు. మిగతా పెద్ద మొత్తం మాత్రం వరుస ప్రకారమే. వరుస మార్చాలంటే మార్చండి, ఎందుకు మార్చారో పక్కన ఒక వాక్యం రాయండి.

ఇంకో చిక్కు బయటివాళ్లకు తెలియదు. ఒక పనికి పరిపాలనా అనుమతి వచ్చిందంటే మనం పాలాభిషేకం ఫ్లెక్సీలు కట్టేస్తాం. నిజానికి ఖజానాలో ఉన్న డబ్బుకంటే ఎన్నో రెట్లు పనులకు అనుమతులు ఇచ్చి కూర్చున్న ఊళ్లున్నాయి. పాత బిల్లులు రాని కాంట్రాక్టర్లు కొత్త టెండర్లకు రారు. వచ్చినవాడు రేటు పెంచి వేస్తాడు, ఎందుకంటే బిల్లు ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి వడ్డీ కూడా కలుపుకుంటాడు. మార్చి నెల వచ్చేసరికి గ్రాంటు మురిగిపోతుందని హడావుడిగా ఏది సిద్ధంగా ఉంటే అది మొదలుపెడతారు. సిద్ధంగా ఉండేది ఎప్పుడూ సీసీ రోడ్డే. దానికి సర్వే అక్కర్లేదు, స్థల సేకరణ అక్కర్లేదు, టేపు పెట్టి కొలిస్తే అంచనా తయారు. నాలా పనికి ఏడాది ముందు నుంచే లెవెల్స్ తీయాలి, ఆక్రమణలు చూడాలి. ఐదేళ్ల జాబితా ఉంటే ఆ సర్వే ముందే అయిపోతుంది, మార్చిలో నాలా కూడా సిద్ధంగా ఉంటుంది.

మా కాలనీ అసోసియేషన్ మీటింగులో మొన్న ఈ మార్కుల ఆట ఆడించాను. మా చుట్టుపక్కల తెలిసిన పనులన్నీ బోర్డు మీద రాసి, పైన చెప్పిన ప్రశ్నలతో అందరం కలిసి మార్కులేశాం. దిగువ బస్తీ దగ్గర నాలా మొదట వచ్చింది, కల్వర్టు రెండోది. బడి దగ్గర కూలడానికి సిద్ధంగా ఉన్న ఓవర్‌హెడ్ ట్యాంకు మూడోది. మా వీధి డ్రైనేజీ ఆరోది. కోశాధికారి గారికి ముఖం మాడిపోయింది. "పన్ను కట్టేది మనం, ముందు వాళ్లకా?" అన్నారు. మన వీధి మురుగు ఆ నాలాలోకే పోతుంది, అది ముందు కాకపోతే మన పైపు వేసి కూడా లాభం లేదని మా రిటైర్డ్ ఇంజనీరు గారు సుద్దముక్కతో గీసి చూపించారు. సగం మందికి ఎక్కింది. మిగతా సగం టీ తాగడానికి లేచారు.

ఆఖరికి సమాచార హక్కు కింద దరఖాస్తు రాశాం. మా పాత మున్సిపాలిటీ నుంచి కొత్త కార్పొరేషన్‌కు బదిలీ అయిన ప్రతిపాదనల జాబితా ఇవ్వండి. అందులో అనుమతి వచ్చినవి ఏవి, డబ్బు కేటాయించినవి ఏవి, ఇంకా చెల్లించాల్సిన బిల్లులు ఎన్ని. పనుల ప్రాధాన్యం ఏ ప్రాతిపదికన తేలుస్తారో తెలిపే ఉత్తర్వు ఉంటే దాని నకలు. జవాబుకు గడువు 30 రోజులు. కోశాధికారి గారు కూడా సంతకం పెట్టారు. పెట్టి, పెన్ను జేబులో పెట్టుకుంటూ, "అక్కడ కూడా మనకు ఆరో నంబరే వస్తే మాత్రం నేనూరుకోను" అన్నారు. అసలంటూ ఒక నంబరు వస్తే, అది ఆరైనా పదహారైనా, స్వీట్ల ఖర్చు నాదని చెప్పాను.